నలుగురు భర్తల పట్టిక: బెస్ ఆఫ్ హార్డ్‌విక్ ఆస్తి మీద ఒక కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లో పాత రికార్డులు చదివిపెట్టడం నా వృత్తి. ఫలానా ఇల్లు ఎవరు కట్టారు, ఫలానా పొలం ఎవరి చేతుల్లోంచి ఎవరికి వెళ్లింది, మా ముత్తాతల ముత్తాతలు ఎవరు లాంటి ప్రశ్నలతో జనం వస్తారు. ఈ కేసు ఇచ్చింది ఒక స్థానిక చరిత్ర బృందం. వాళ్ల పేరు, ఊరు చెప్పను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. వాళ్లు ఎవరి ఆస్తి గురించి అడిగారో ఆవిడ పేరు మాత్రం దాచడంలో అర్థం లేదు. ఎలిజబెత్ హార్డ్‌విక్, అంటే అందరూ పిలిచే పేరుతో బెస్ ఆఫ్ హార్డ్‌విక్. 1608 ఫిబ్రవరి 13న చనిపోయింది. ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ రాణి తర్వాత అంతటి సంపన్నురాలు ఈవిడేనని చెప్పుకుంటారు.

బృందం ఒక చిన్న ప్రదర్శన పెట్టబోతోంది. బోర్డు కోసం ఒక పట్టిక ముందే గీసుకున్నారు. నాలుగు అడ్డ వరుసలు, వరుసకో భర్త: రాబర్ట్ బార్లో, సర్ విలియం కావెండిష్, సర్ విలియం సెయింట్ లో, ష్రూజ్‌బరీ ఆరో ఎర్ల్ (ఎర్ల్ అంటే ప్రభువుల బిరుదు) జార్జ్ టాల్బట్. పక్కన పెళ్లి తేదీ, భర్త చనిపోయిన తేదీ. చివరి గడి పేరు "వచ్చిన ఆస్తి, విలువ". అది ఖాళీ. నాకిచ్చిన పని ఆ ఖాళీ నింపి, కింద మొత్తం వేసి, తేదీలు సరిచూడటం. పట్టిక పైన శీర్షిక కూడా రాసేసుకున్నారు. ఒక్కో భర్త పోయినప్పుడల్లా ఆవిడకు ఒక్కో ఆస్తి కలిసొచ్చిందని దాని సారాంశం.

వినడానికి బాగుంటుంది. టూరిస్టులకు చెప్పే కథ కూడా అదే. నలుగురిని చేసుకుంది, నలుగురి సొమ్మూ మూటగట్టింది అని.

ముందు చట్టం సంగతి

ఈ కేసు అర్థం కావాలంటే ట్యూడర్ రాజవంశం కాలపు ఆడవాళ్ల ఆస్తి హక్కులు కాస్త తెలియాలి. పెళ్లయిన స్త్రీకి చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు. ఆమె నగలు, డబ్బు, సామాను, పశువులు పెళ్లి రోజునే భర్త సొంతం. మన స్త్రీధనం లాంటి ఏర్పాటు మామూలు చట్టంలో లేదు. ఆమె పేర భూమి ఉంటే దాని మీద పెత్తనం, శిస్తు భర్తవి. అయితే ఆమె ఒప్పుకోకుండా దాన్ని శాశ్వతంగా అమ్మడానికి వీల్లేదు. అమ్మాలంటే కోర్టులో భార్యను భర్త ఎదుట లేకుండా విడిగా ప్రశ్నించి, ఇష్టపడే ఒప్పుకుంటోందా అని తేల్చుకునేవాళ్లు. ఇక భర్త బతికుండగా, అతని అనుమతి లేకుండా భార్య వీలునామా రాయలేదు.

భర్త పోయాక రెండు దారులుండేవి. ఒకటి డవర్. భర్తకు పెళ్లి కాలంలో సొంతంగా ఉన్న భూమిలో మూడో వంతు ఆమె బతికున్నన్నాళ్లూ అనుభవించవచ్చు. అమ్మడానికి లేదు, ఎవరికీ రాసివ్వడానికి లేదు. ఆమె తర్వాత అది భర్త వారసులకే పోతుంది. రెండోది జాయించర్. సాధారణంగా పెళ్లి ఒప్పందంలోనే ఫలానా ఊళ్ల ఆదాయం ఆమె వైధవ్యానికి అని రాసిపెట్టేవాళ్లు. 1536లో వచ్చిన యూజెస్ చట్టం ప్రకారం, పెళ్లికి ముందే జాయించర్ ఒప్పుకున్న స్త్రీకి ఇక డవర్ అడిగే హక్కు ఉండదు. 1540 నాటి వీలునామాల చట్టం దాకా భూమిని నేరుగా వీలునామాలో రాసే వీలు చాలా చోట్ల లేదు. ఆ చట్టం వచ్చాక కూడా రాజు కింద సైనిక సేవ షరతు మీద ఉన్న భూముల్లో మూడింట రెండు వంతులే రాయగలిగేవాళ్లు.

న్యాయవాద వృత్తిలో ఉన్న మన తెలుగువాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. 1937 చట్టం కింద హిందూ వితంతువుకు వచ్చిన పరిమిత హక్కు గుర్తు తెచ్చుకుంటే డవర్ స్వభావం అర్థమైపోతుంది. మన దగ్గర 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ పరిమిత హక్కును పూర్తి హక్కుగా మార్చింది. బెస్‌కు అలాంటి సెక్షన్ ఏదీ లేదు. ఉన్న చట్టంలోనే సందులు వెతుక్కుంది.

మొదట వెతికిన చోటు: వీలునామాలు

నలుగురు భర్తలు, నాలుగు మరణాలు. కాబట్టి ముందు వీలునామాలు చూడాలన్న ఆలోచన సహజం. క్యూ ఊళ్లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో కాంటర్‌బరీ కోర్టు, అంటే వీలునామాలను ధ్రువీకరించిన చర్చి కోర్టు, వీలునామాలు ఒకే చోట ఉన్నాయి, చదవడం సులువు, ఖర్చు తక్కువ. ఎవరైనా అక్కడే మొదలుపెడతారు, నేనూ అక్కడే మొదలుపెట్టాను.

మొదటి వరుస దగ్గరే ఈ దారి మూసుకుపోయింది. రాబర్ట్ బార్లో 1544 డిసెంబర్ 24న చనిపోయాడు. అప్పటికింకా మైనరే. ఇరవై ఒకటి నిండని మనిషి భూమిని వీలునామాలో రాయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని అతని నుంచి బెస్‌కు రావలసింది వీలునామాతో పనిలేని డవర్ మాత్రమే. అదీ తేలిగ్గా రాలేదు. రాబర్ట్ తమ్ముడు వారసుడు, అతనూ మైనరు. సంరక్షణ హక్కు, అంటే వారసుడు పెద్దయ్యేదాకా అతని భూముల మీద పెత్తనం, సర్ పీటర్ ఫ్రెష్‌విల్ చేతిలో ఉంది. మైనరు భూముల ఆదాయం తినేవాడు కొత్త వితంతువుకు మూడో వంతు ఎందుకు వదులుతాడు? టీనేజీలో ఉన్న ఆ పిల్ల కోర్టుకెక్కి తన వాటా తెచ్చుకుంది. తండ్రి వీలునామా ప్రకారం ఆమెకు దక్కిన కట్నం 40 మార్కులు, అంటే 26 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. ఆ నేపథ్యం నుంచి వచ్చిన అమ్మాయికి ఏటా కచ్చితంగా వచ్చే డవర్ చిన్న విషయమేమీ కాదు.

ఇక్కడ ఒక మాట. బెస్‌కు ఈ సంరక్షణ హక్కుల వ్యాపారం పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆమె తండ్రి జాన్ హార్డ్‌విక్ 1528లో చనిపోయేనాటికి కొడుకు జేమ్స్ పసివాడు. వారసుడు మైనరైతే ఆస్తి రాజు చేతికి పోయేది. అలా పోకుండా తండ్రి ముందే భూమిని నమ్మకస్తుల పేరు మీదికి మార్చి చూశాడు. ఎత్తు పారలేదు. ఆస్తిలో కొంత భాగం పరాయివాళ్ల పెత్తనం కిందికి వెళ్లింది. చాలామంది ఈ సంగతిని ఆమె బాల్యంలో ఒక విషాదంగా రాసి వదిలేస్తారు. నాకైతే తర్వాత ఆమె పెట్టిన ప్రతి సంతకం వెనుకా ఇదే కనిపిస్తుంది.

రెండో అడుగు ఇంక్విజిషన్ పోస్ట్ మార్టెమ్‌లు. భూస్వామి చనిపోతే ఏ భూమి ఉంది, ఎవరి కింద ఉంది, వారసుడెవరు, వయసెంత అని స్థానిక జ్యూరీ ప్రమాణం చేసి చెప్పే రికార్డు. ఇందులో భూములకు ఏటా విలువ కూడా ఉంటుంది. "విలువ" గడికి పనికొస్తుందని బృందం ఆశపడింది. వాడవద్దని చెప్పాను. ఆ అంకెలు రాజుకు కట్టాల్సిన దానికి లెక్కలు. అసలు శిస్తు కంటే బాగా తగ్గించి చెప్పడం అప్పటి అలవాటు. మన దగ్గర రిజిస్ట్రేషన్ విలువ చూసి ఇంటి ధర చెప్పినట్టుంటుంది. పైగా ఒక వరుసలో తగ్గించిన అంకె, ఇంకో వరుసలో అసలు కొనుగోలు ధర పెట్టి రెండూ కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు.

పట్టిక ఎందుకు కూలిందంటే

వీలునామాలు సరిపోవని తేలాక కూడా వరుసలు ఎలాగోలా నింపుదామనే చూశాను. అసలు చిక్కు కావెండిష్ వరుస దగ్గర బయటపడింది.

కావెండిష్, రాజు ఖజానాలో పెద్ద అధికారి. అతని జేబు పుస్తకంలో ఈ పెళ్లి సంగతి ఉంది: తన మూడో భార్య ఎలిజబెత్ హార్డ్‌విక్‌ను లెస్టర్‌షైర్‌లోని బ్రాడ్‌గేట్‌లో, ఆగస్టు 20న, అర్ధరాత్రి దాటి రెండు గంటలకు పెళ్లి చేసుకున్నానని. ఏడాదికి అంకె లేదు, ఎడ్వర్డ్ రాజు పాలన మొదటి ఏడాది అని ఉంటుంది. ఎడ్వర్డ్ 1547 జనవరి 28న గద్దెనెక్కాడు కాబట్టి అది 1547. ఘడియతో సహా రాసుకునే మనిషి, భూమి కాగితాల్లో ఇంకెంత జాగ్రత్తగా ఉంటాడు? దక్షిణాది భూములు అమ్మి భార్య పుట్టిన డార్బీషైర్‌లో కొన్నాడు. 1549 చివర్లో అక్కడి చాట్స్‌వర్త్ ఎస్టేట్‌ను 600 పౌండ్లకు తీసుకున్నాడు. కొన్నవాటిలో చాలా వరకు భార్యాభర్తలిద్దరి పేర్ల మీద, వాళ్ల తర్వాత అతని వారసులకు అన్న షరతుతో రాయించారు.

ఈ ఒక్క ఏర్పాటుతో పట్టిక తలకిందులైంది. 1557 అక్టోబర్ 25న కావెండిష్ చనిపోయినప్పుడు చాట్స్‌వర్త్ ఆమెకు కొత్తగా వచ్చింది కాదు. 1549 నుంచీ ఆమె పేరు కాగితాల్లో ఉంది. భర్త పేరు తొలగిపోయింది, ఆమె పేరు మిగిలింది. దీన్ని "భర్త మరణంతో వచ్చిన ఆస్తి" గడిలో ఎలా వేస్తాం? పోనీ వేసినా, మూడో వరుస వచ్చేసరికి అదే చాట్స్‌వర్త్ మీద పెత్తనం సెయింట్ లోకు, నాలుగో వరుసలో ష్రూజ్‌బరీకి. ఎందుకంటే మళ్లీ పెళ్లి చేసుకున్న ప్రతిసారీ ఆమె భూమి కొత్త భర్త చేతి కిందికి వెళ్తుంది. ఒకే భూమి మూడు వరుసల్లో మూడు రకాలుగా ఉంటుంది. కూడితే ఆ భూమినే మూడుసార్లు లెక్కపెట్టినట్టు.

ఆపైన కావెండిష్ వదిలి వెళ్లింది అప్పు కూడా. చనిపోయే ముందు ఖజానా ఆడిటర్లు అతని లెక్కల్లో 5,000 పౌండ్లకు పైగా తేడా పట్టుకున్నారు. 1558లో ఇలాంటి బాకీలకు భూములు జప్తు చేసుకునే బిల్లు పార్లమెంటుకు వచ్చింది. బెస్ ఊరుకోలేదు. పలుకుబడి ఉన్న సర్ జాన్ థిన్‌కు ఉత్తరం రాసి, తెలిసినవాళ్లందరినీ కదిలించి దాన్ని అడ్డుకునే ప్రయత్నం చేసింది. బిల్లు చట్టం కాలేదు. ఆ బాకీ చివరికి 1563లో, మూడో భర్త హయాంలో, 1,000 పౌండ్లతో తీరింది. మరి ఈ అప్పు ఏ వరుసలో రాయాలి? రెండో భర్త నుంచి మైనస్‌గానా, మూడో భర్త నుంచి ప్లస్‌గానా?

బృందం తరఫున మాట్లాడే పెద్దాయన ఇక్కడ కాస్త చిరాకుపడ్డారు. మొత్తం ఎంతో చెప్పకపోతే బోర్డు ఎవరు చదువుతారని ఆయన బాధ. ఆయన ప్రశ్న న్యాయమైనదే. కానీ సుమారుగా అని రాసి ఏదో ఒక అంకె వేస్తే, చూసేవాళ్లకు గుర్తుండేది అంకే తప్ప "సుమారుగా" అన్న మాట కాదు. మొత్తం వేయనని చెప్పి, దాని బదులు ఏమిస్తానో రాసిచ్చాను.

కుదిరిన పద్ధతి

వరుసల్లో భర్తల పేర్లు తీసేసి భూముల పేర్లు పెట్టాను. ఒక్కో భూమికి నాలుగు ప్రశ్నలు: కాగితం ఎప్పుడు రాశారు, ఎవరి పేర్ల మీద, శిస్తు ఎవరు తీసుకున్నారు, ఆమె దాన్ని ఎవరికైనా ఇవ్వగలిగేదా. భూమి కాగితాలు చదివే ఎవరికైనా ఇది పాత పద్ధతే. అయితే ఒక స్త్రీ జీవితం గురించి రాసేటప్పుడు మాత్రం జనం భర్తల వరుసలోకే జారిపోతారు.

ఎన్ని భూములు తీసుకోవాలన్నది తర్వాతి నిర్ణయం. అన్నీ తీసుకుంటే పుస్తకమవుతుంది. హక్కు రకం మారిన చోట్లే తీసుకుందామనుకున్నాను. బార్లో డవర్ అంటే చట్టం దానంతటదే ఇచ్చిన హక్కు. చాట్స్‌వర్త్ అంటే ఉమ్మడి పేర్లు. సెయింట్ లో భూములు అంటే వీలునామా. ష్రూజ్‌బరీ జాయించర్ అంటే పెళ్లి ఒప్పందం. హార్డ్‌విక్, అంటే పుట్టింటి ఆస్తి, సొంత కొనుగోలు. ఇవి కాక, 1572 నాటి దస్తావేజుకు మాత్రం విడిగా ఒక వరుస కావాల్సి వచ్చింది.

ఆ దస్తావేజు దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ కేసు మొత్తానికి తాళంచెవి అదే. బెస్, ఎర్ల్ 1567లో పెళ్లి చేసుకున్నారు. ఎర్ల్ ఆ ఒప్పందంలో ఆమె చిన్న కొడుకులు విలియం, చార్లెస్‌లకు యుక్తవయసు రాగానే డబ్బు ఇస్తానని మాట ఇచ్చాడు. 1569 నుంచి స్కాట్లండ్ రాణి మేరీని బందీగా కాపలా కాసే బాధ్యత మీద పడి అతని ఖర్చులు పెరిగాయి, చేతిలో నగదు ఆడటం లేదు. 1572 ఏప్రిల్‌లో డబ్బుకు బదులు వేరే దారి చూశాడు. బెస్‌తో పెళ్లి వల్ల తన పెత్తనం కిందికి వచ్చిన భూములను విలియం, చార్లెస్‌ల పేరు మీద రాసిచ్చాడు. బెస్ జీవితకాల హక్కు అలాగే ఉంటుంది.

ఎర్ల్ దృష్టిలో అది చేతి నుంచి డబ్బు కదలకుండా బాకీ తీర్చుకునే ఉపాయం. బెస్ వైపు నుంచి చూస్తే సంగతి వేరు. ఆ రోజు నుంచి భర్తగా అతనికున్న పెత్తనం ఆ భూముల మీద లేదు. ఆమె ఇంకా పెళ్లయిన స్త్రీయే, చట్టం దృష్టిలో ఆమెకు విడిగా ఉనికి ఇంకా లేదు. అయినా భూములు భర్త చేతుల్లోంచి జారి తన కొడుకుల చేతుల్లో, అంటే ఆచరణలో తన చేతుల్లో పడ్డాయి. భర్త బతికుండగానే, భర్త సంతకంతోనే.

దీని విలువ ఎర్ల్‌కు పదేళ్ల తర్వాత తెలిసొచ్చింది. 1580లలో కాపురం చెడి, ఆ భూముల కౌలుదార్ల దగ్గర శిస్తు తనకే రావాలని పట్టుబట్టాడు. దస్తావేజులో మార్పులు చేశారని ఆరోపించాడు. 1584లో మనుషులతో చాట్స్‌వర్త్ మీదికి వస్తే, విలియం కావెండిష్ చేతిలో ఈటెగొడ్డలి, నడుములో పిస్తోలుతో గుమ్మం దగ్గరే అడ్డుకున్నాడని ఎర్ల్ ఫిర్యాదు. ఎలిజబెత్ రాణి వేయించిన విచారణలో పెద్ద న్యాయమూర్తులు దస్తావేజు చెల్లుతుందని తేల్చారు. ఇంగ్లండ్‌లో అతి పెద్ద భూస్వాముల్లో ఒకడు, తాను సంతకం పెట్టిన కాగితం ముందు ఓడిపోయాడు.

బృందంలో ఒకరు అడిగారు, ఇది ఆమె ముందుచూపా లేక అదృష్టమా అని. దస్తావేజు రాసిన రోజు ఆమె మనసులో ఏముందో కాగితం చెప్పదు కాబట్టి బోర్డు మీద ఏ మాటా వేయనివ్వలేదు. నా సొంత అభిప్రాయం అడిగితే మాత్రం, తండ్రి ఆస్తి పరాయి పెత్తనంలో చూసి, టీనేజీలోనే డవర్ కోసం కోర్టుకెక్కి, కావెండిష్ దగ్గర ఉమ్మడి పేర్ల కిటుకు నేర్చిన మనిషికి అదృష్టం అన్న మాట నప్పదు.

హార్డ్‌విక్ వరుసలోనూ ఇదే చెయ్యి కనిపిస్తుంది. అన్న జేమ్స్ అప్పులపాలై 1581లో లండన్‌లోని ఫ్లీట్ జైల్లో చనిపోయాడు. 1583లో పుట్టింటి ఆస్తిని 9,500 పౌండ్లకు కొన్నారు, కానీ కొడుకు విలియం పేరు మీద. తన పేరు మీద కొని ఉంటే మరుక్షణం ఎర్ల్ పెత్తనం కిందికి పోయేది. డబ్బు వెనుక ఎవరున్నారన్నది తేదీ చూస్తేనే తెలిసిపోతుంది.

తేదీల దగ్గర ఒక ముడి

బృందం ఇచ్చిన పట్టికలో ఒక వింత ఉంది. బెస్ కూతురు మేరీని ఎర్ల్ కొడుకు గిల్బర్ట్‌కు, కొడుకు హెన్రీని ఎర్ల్ కూతురు గ్రేస్‌కు ఒకే రోజు షెఫీల్డ్‌లో ఇచ్చి చేశారు. ఆస్తి బయటికి పోకుండా రెండు కుటుంబాలను కుట్టేసిన పెళ్లిళ్లవి. పట్టికలో ఈ పిల్లల పెళ్లి 1567 ఫిబ్రవరి 9న, తల్లిదండ్రుల పెళ్లి 1567 చివర్లో ఉంది. అంటే పిల్లల పెళ్లి ముందు! ఎర్ల్ మొదటి భార్య అప్పటికి మరణించిందా లేదా అని బృందంలో పెద్ద చర్చే జరిగిందట.

విషయం చిన్నదే. అప్పట్లో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి కాగితాల్లో "1567 ఫిబ్రవరి" అంటే మన లెక్కలో 1568 ఫిబ్రవరి. జనవరి నుంచి మార్చి 24 దాకా ఉన్న ప్రతి తేదీనీ ఈ దృష్టితో చూడాలి. సెయింట్ లో 1565 ఆరంభంలో చనిపోయాడు, ఆ తేదీలోనూ ఇదే చిక్కు. పట్టికలో ఇలాంటివన్నీ 1567/8 అన్నట్టు రెండు సంవత్సరాలతో రాయించాను. బోర్డు చూసేవాళ్లకు కాస్త వింతగా ఉంటుంది, కానీ తర్వాత ఎవరైనా అసలు కాగితం తెరిస్తే అయోమయపడరు.

జాయించర్ ఉంటే చాలా?

ముసాయిదా చూశాక బృందం ఇంకో వైపుకు ఒరిగింది. ముందు మోసగత్తె అన్న ధ్వని ఉన్న చోట, ఇప్పుడు ట్యూడర్ చట్టం వితంతువులను బాగా కాపాడిందన్న వాక్యం చేర్చారు. దాన్నీ ఒప్పుకోలేకపోయాను. వాళ్ల చర్చకు పనికొస్తుందని మేరీ హోవార్డ్ సంగతి పంపాను. నార్‌ఫోక్ డ్యూక్ కూతురు, 1533లో ఎనిమిదో హెన్రీ అక్రమ సంతానం రిచ్‌మండ్ డ్యూక్ హెన్రీ ఫిట్జ్‌రాయ్‌కు భార్య. 1536 జులైలో అతను చనిపోయాడు. భార్యాభర్తలు ఇంకా కలిసి కాపురం చేయలేదు కాబట్టి పెళ్లి పూర్తి కానట్టే, జాయించర్ ఇచ్చేది లేదని రాజు మొండికేశాడు. మామగారే రాజు. ఇవ్వాల్సినవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒకడే. ఆ అమ్మాయి తండ్రి మీద, రాజు ముఖ్యమంత్రి లాంటి థామస్ క్రామ్‌వెల్ మీద ఒత్తిడి తెచ్చి, ఏళ్లు పోరాడాకే భూములు దక్కించుకుంది. కాగితంలో హక్కు ఉండటం, చేతికి శిస్తు రావడం ఒకటి కాదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఆ వాక్యం తీసేశారు.

బోర్డు మీద చివరికి ఏముంది

ఆరు వరుసలు మిగిలాయి. అన్నిటికంటే జనానికి ఆశ్చర్యంగా ఉండేది "ఎవరికైనా ఇవ్వగలిగేదా" అన్న గడి. చాట్స్‌వర్త్ ఎదురుగా అక్కడ "లేదు" అని ఉంది. దశాబ్దాల పాటు దాన్ని కట్టించింది ఆవిడే, ప్రాణం పెట్టి చూసుకున్నదీ ఆవిడే. కానీ జీవితకాల హక్కే కాబట్టి, ఆమె తర్వాత అది కావెండిష్ వారసుడు, పెద్ద కొడుకు హెన్రీకే వెళ్లాలి. హెన్రీతో ఆమెకు పడలేదు. 1601 వీలునామాలో ఉన్నవాటిని 1603లో మార్చి అతన్నీ, మనవరాలు అరబెల్లానూ పక్కన పెట్టింది. అయినా చాట్స్‌వర్త్ భూమిని మాత్రం ఆపలేకపోయింది. ఆమె పోయాక హెన్రీ దాన్ని తమ్ముడు విలియంకు అమ్మేశాడు, అది వేరే సంగతి. హార్డ్‌విక్ ఎదురుగా "అవును" అని ఉంది. 1590 నవంబర్‌లో ఎర్ల్ చనిపోయాక ఆమె జాయించర్ ఆదాయంతో, తన సొంత భూముల శిస్తుతో పూర్తి చేసిన కొత్త భవనమది. రాబర్ట్ స్మిత్‌సన్ రూపకల్పన, 1597 అక్టోబర్‌లో గృహప్రవేశం. ఆ రెండు గడులు పక్కపక్కన చూస్తే, డెబ్బై ఏళ్ల వయసులో పాత హార్డ్‌విక్ ఇంటి పక్కనే ఇంకో మేడ ఎందుకు కట్టిందో వేరే వివరణ అవసరం పడదు. గోపురాల మీద రాతిలో చెక్కించుకున్న ఈ, ఎస్ అక్షరాలు ఎలిజబెత్ ష్రూజ్‌బరీ అని చెబుతాయి. పేరు భర్తది, ఇల్లు మాత్రం తనది.

ఇలాంటి పని చేసేవాళ్లకు రెండు మాటలు. ఎవరైనా వితంతువు ఆస్తి గురించి అడిగితే భర్త చనిపోయిన తేదీ దగ్గర మొదలుపెట్టకుండా, పెళ్లి ఒప్పందం దగ్గర, కొనుగోలు కాగితాల దగ్గర మొదలుపెట్టండి. వీలునామాలో భూమి కనబడకపోతే ఆమెకు భూమి లేదని కాదు, అది ముందే వేరే దారిలో ఆమెకు చేరి ఉండవచ్చు. ఇంకోటి, కూడదగ్గ అంకెలా కాదా అన్నది చూడకుండా క్లయింటుకు మొత్తం ఇస్తానని మాట ఇవ్వకండి. టెన్షన్ చివర్లో మనకే.

సెయింట్ లో వరుస ఒక్కటే నాకు ఇంకా తృప్తిగా లేదు. నలుగురిలో నిజంగా వీలునామా ద్వారా భూమి వచ్చింది ఈయన దగ్గరి నుంచే. కూతుళ్లను, తమ్ముణ్ని కాదని అంతా బెస్‌కే రాశాడు. తమ్ముడు ఎడ్వర్డ్ ఊరుకోలేదు, సోమర్‌సెట్ భూముల మీద దావా నడిచింది. బోర్డు మీద అందుకే "వీలునామా, కోర్టు వివాదంతో" అని మాత్రం వేశాం. ఆ దావా కాగితాలు చదివిపెట్టమని బృందం విడిగా పని ఇచ్చింది. ప్రస్తుతం నా బల్ల మీద అవే ఉన్నాయి.